కృష్ణ ఒడ్డున సాయంత్రం భోజనం: టేబుల్ పట్టడం నుంచి బిల్లు కట్టేదాకా

బెజవాడకి చుట్టాలొచ్చినా, గుంటూరు నుంచి స్నేహితులు కారేసుకుని వచ్చినా అడిగేది ఒకటే. "నది పక్కన కూర్చుని తినే చోటికి వెళ్దామండీ. ఎటు వెళ్లాలి, ఏం చెప్పాలి? బార్ కూడా ఉంటుందంట కదా, ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు, హాయిగా వెళ్లొచ్చు. కాకపోతే ఊళ్లో ఏసీ హోటల్‌కి వెళ్లినట్టు వెళ్తే మాత్రం సాయంత్రం పాడవుతుంది.

ఎందుకంటే ఒడ్డున, లాన్‌లో వేసిన టేబుళ్లు వంటగదికి దూరంగా ఉంటాయి. నది మీద గాలి ఆగకుండా వీస్తుంది. పొయ్యి మీంచి దిగిన వేపుడు మీ టేబుల్ దగ్గరికి వచ్చేసరికే సగం వేడి పోతుంది, మిగతా సగం మీరు ఫొటోలు తీసుకునేలోపు పోతుంది. అందుకే ఈ భోజనానికి సూత్రం ఒక్కటే: వెలుగుండగానే వెళ్లండి, కొంచెం కొంచెంగా ఆర్డర్ చెప్పండి. కింద రాసినవన్నీ దాని కోసమే.

వెళ్లేముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

దోమల క్రీము. పెద్దవాళ్లుంటే పల్చటి శాలువా. డిసెంబరు, జనవరి నెలల్లో నది గాలి చలిపెడుతుంది. ఫోన్‌లో ఛార్జింగ్, ఎందుకో చేపల దగ్గర చెప్తాను. కొంచెం నగదు, పార్కింగ్‌కీ టిప్పుకీ. అన్నిటికన్నా ముఖ్యం, ఆ సాయంత్రం చుక్క ముట్టనని ఒప్పుకున్న డ్రైవర్ ఒకరు. ఈ పేరు ఇంట్లో బయల్దేరేముందే తేలాలి. టేబుల్ దగ్గర కూర్చున్నాక తేల్చుకుందాంలే అంటే ఎప్పటికీ తేలదు.

1. ముందు ఏ ఒడ్డో తేల్చుకోండి

"రివర్ వ్యూ" అని బోర్డు ఉన్నంత మాత్రాన నీళ్లు కనిపిస్తాయని కాదు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన భవానీపురం, పున్నమి ఘాట్, బెర్మ్ పార్క్ వైపు నీళ్లు నిలిచి ఉంటాయి. బ్యారేజీ నిండితే మట్టం 12 అడుగులు, నిల్వ 3.07 టీఎంసీలు. అంటే ఎండాకాలంలో కూడా ఎగువన చెరువులా నీళ్లు కనిపించే అవకాశం ఎక్కువ. బ్యారేజీకి దిగువన, కృష్ణలంక, యనమలకుదురు వైపు, వరద లేని రోజుల్లో చాలా దూరం ఇసుకే. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు ఎగువనే చూసుకోండి.

రెండో సంగతి, ఉత్తరపు ఒడ్డా, దక్షిణపు ఒడ్డా. భవానీపురం వైపు నదికి ఎదురుగా కూర్చుంటే పడమర మీ కుడి చేతి వైపు వస్తుంది. సూర్యుడు నది ఎగువన దిగుతాడు, ఎదురుగా భవానీ ఐలాండ్, ఆవల ఉండవల్లి వైపు కొండలు. సూర్యాస్తమయం కోసమైతే ఇది మంచిది. సీతానగరం, తాడేపల్లి వైపు కూర్చుంటే ఎదురుగా ఇంద్రకీలాద్రి, అమ్మవారి గుడి దీపాలు, పక్కన బ్యారేజీ లైట్లు. చీకటి పడ్డాక ఆ ఒడ్డే అందం. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే నా ఓటు దక్షిణపు ఒడ్డుకే. అక్కడినుంచి కొండ కనిపిస్తుంటే పెద్దవాళ్లు భోజనం సంగతి కూడా మర్చిపోతారు.

గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి దక్షిణపు ఒడ్డు ఇంకా సులువు, ఊళ్లోకి రానక్కర్లేదు. అయితే కరకట్ట రోడ్డు మీద ఇరుకు చోట్లున్నాయి, రాత్రిపూట నెమ్మదిగా నడపండి.

2. రోజు చూసుకోండి

ఆదివారం వద్దు. తప్పదంటే ఐదింటికే టేబుల్ మీద ఉండండి. దసరా పది రోజులూ, అందులోనూ మూలానక్షత్రం రోజు, కొండ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లిస్తారు. భోజనం కోసం అటు వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. కార్తీకంలో సోమవారాలు, పౌర్ణమి రోజు ఘాట్‌లన్నీ నిండిపోతాయి. ఆ నెలలో ఇంట్లో సగం మంది నీచు ముట్టరు కూడా. అలాగే శనివారం, మంగళవారం మాంసం తినని వాళ్లు మీలో ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి. వాళ్లని కూర్చోబెట్టి వాళ్ల ముందు రొయ్యలు తినడం మర్యాద కాదు, రోజు మార్చుకుంటే సరిపోతుంది. అక్టోబరు 2 మద్యం అమ్మరు, అది కావాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇంకో జాగ్రత్త ఉంది, వరద. శ్రీశైలం, సాగర్, పులిచింతల నుంచి నీళ్లు వదిలితే బ్యారేజీ దగ్గర మట్టం గంటల వ్యవధిలోనే మారుతుంది. ఇక్కడ 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వార్తల్లో మొదటి హెచ్చరిక అన్న మాట వినిపించిందంటే ఆ వారం నది ఒడ్డు భోజనం మానుకోండి. కరకట్టకు లోపల, అంటే నది వైపు ఉన్న చోట్లకి అసలు వెళ్లొద్దు. "ఏం కాదు సార్, రండి" అని ఫోన్‌లో ఎవరన్నా సరే.

3. ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి

యాప్‌లో టేబుల్ బుక్ చేసుకోవడం కన్నా ఫోన్ చేయడం నయం. యాప్‌లో "అవుట్‌డోర్" అని ఉంటుంది, అది పార్కింగ్ పక్కన కూడా కావచ్చు. ఇలా మాట్లాడండి:

"అన్నా, గురువారం సాయంత్రం ఐదున్నరకి ఎనిమిది మందిమి వస్తాం. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. నది వైపు మొదటి వరస టేబుల్ కావాలి. ఫ్యామిలీ సెక్షన్ విడిగా ఉందా, లేక మందు తాగేవాళ్లూ అక్కడే కూర్చుంటారా? బాత్‌రూమ్‌కి ఎన్ని మెట్లు దిగాలి? వాన పడితే లోపల చోటిస్తారా?"

ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తే అక్కడ పని తెలిసినవాళ్లున్నట్టే. ఫ్యామిలీ సెక్షన్ గురించి నసిగితే ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్లొద్దు, ఇంకో చోటు చూసుకోండి. అబ్బాయిల బ్యాచ్ అయితే అది అంత పట్టింపు కాదు. బాత్‌రూమ్ ప్రశ్న మొహమాటపడి వదిలేస్తారు చాలామంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి ఆ సాయంత్రం ఎలా గడిచిందనేది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పేరు, ఫోన్ నంబరు రాసుకున్నారో లేదో అడిగి, బయల్దేరేముందు మళ్లీ ఒకసారి ఫోన్ చేయండి.

4. సూర్యుడికన్నా గంట ముందు చేరుకోండి

డిసెంబరు మొదట్లో ఐదున్నర దాటగానే పొద్దు కుంకుతుంది. జూన్ చివర్లో ఆరూ నలభై దాకా ఉంటుంది. దాన్నిబట్టి గంట వెనక్కి లెక్కేసుకోండి.

చేరగానే కూర్చోకండి, ఒక్క నిమిషం టేబుల్ చుట్టూ చూడండి. నెత్తి మీద పెద్ద లైటు ఉంటే ఆ టేబుల్ వద్దు. వాన పడిన మర్నాడు ఆ లైటు కిందికి రెక్కల పురుగులు దండుగా వస్తాయి, పులుసులో పడతాయి. లైటుకి నాలుగైదు అడుగులు పక్కకి జరిపించుకోండి. లాన్ మెత్తగా ఉంటే ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు దిగబడతాయి, పెద్దవాళ్లకి చేతులున్న గట్టి కుర్చీ అడగండి. గాలి ఎటు వీస్తోందో చూసి, సిగరెట్ తాగేవాళ్ల టేబుల్‌కి గాలివాలులో లేకుండా కూర్చోండి.

పిల్లలుంటే: మెట్ల ఘాట్ ఉన్న చోట నీటి అంచు మెట్లకి నాచు పట్టి ఉంటుంది. కాలు పెడితే జారుడే, కింద లోతెంతో పైకి తెలియదు. పిల్లల మీద కన్నేసి ఉంచే పని ఒక పెద్దవాళ్లకి అప్పగించండి. అందరూ చూస్తున్నారులే అనుకున్నప్పుడు ఎవరూ చూడరు.

పడవ ఎక్కాలనుకుంటే అది భోజనానికి ముందే, పగటి వెలుగులోనే. భవానీ ఐలాండ్‌కి వెళ్తుంటే వెనక్కొచ్చే చివరి పడవ ఎన్నింటికో టికెట్ కొనేటప్పుడే అడగండి. లైఫ్ జాకెట్ వేసుకుని, దాని పట్టీలు బిగించాకే పడవ కదలాలి. జాకెట్లు లేని పడవ, టికెట్ ఇవ్వని పడవ ఎంత చవకైనా ఎక్కకండి. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. కార్తీక మాసం, ఆదివారం, సరదాగా బయల్దేరినవాళ్లే అందరూ. ఒక గుక్క తాగినవాళ్లు కూడా పడవ ఎక్కకూడదు.

5. ఆర్డర్ విడతలుగా చెప్పండి

అందరూ ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మెనూ రాగానే స్టార్టర్లు, బిర్యానీ, నాన్లు, కూరలు అన్నీ ఏకబిగిన చెప్పేస్తారు. వంటగదిలో ఏది ముందు అయితే అది వచ్చేస్తుంది. టేబుల్ నిండిపోతుంది, అన్నీ చల్లారిపోతాయి. ఇలా చేయండి.

మొదటి విడత: కూర్చున్న వెంటనే మసాలా పల్లీలు, జీడిపప్పు వేపుడు లాంటివి, నిమ్మకాయ సోడా. ఇవి చల్లారినా నష్టం లేదు, పిల్లల ఆకలి కూడా ఆగుతుంది.

రెండో విడత: వేపుళ్లు. లూజ్ ప్రాన్స్, అపోలో ఫిష్, చికెన్ 65, శాకాహారులకి క్రిస్పీ కార్న్. ఎనిమిది మందికి ఒకేసారి నాలుగు ప్లేట్లు వద్దు. రెండు చెప్పండి, అవి సగం అయ్యాక ఇంకో రెండు. సర్వర్‌తో ఇలా అనండి: "బాబూ, ఇవి వేడిగా తెచ్చి, ప్లేట్ ఖాళీ అయ్యేముందు ఒకసారి రా, తర్వాతవి చెప్తాం." బాబూ అని పిలిచి మర్యాదగా చెప్తే చేస్తారు. చిటికెలు వేసి పిలవకండి.

మూడో విడత: అన్నం. బిర్యానీకైతే చివరి వేపుడు ప్లేట్ వచ్చినప్పుడే చెప్పేయండి. ప్లేట్లలో వడ్డించి కాకుండా గిన్నెతో, మూత పెట్టి తెమ్మనండి, గాలికి తట్టుకుంటుంది. నాన్లు, రోటీలు ఒడ్డు టేబుళ్లకి పనికిరావని నా గట్టి అభిప్రాయం. రెండు నిమిషాల్లో సాగుడుగా అయిపోతాయి. రోటీ లేకుండా కుదరదనేవాళ్లుంటే ఒక్కొక్కటిగా చెప్పుకోండి. దానికన్నా తెల్లన్నం, చేపల పులుసు, గోంగూర మటన్ ఉంటే మేలు. పులుసు గోరువెచ్చగా ఉన్నా రుచి చెడదు. చివర పెరుగన్నం.

ఆఖరి ఆర్డర్ ఎన్నింటివరకు తీసుకుంటారో కూర్చున్నప్పుడే కనుక్కోండి. వంటగది కట్టేసే వేళకి చెప్తే పొద్దున వండిన అన్నం వేడిచేసి పెట్టే ప్రమాదం ఉంది.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండో విడత ప్లేట్ వచ్చినప్పుడు వేపుడు ముక్క విరిస్తే లోపల్నుంచి ఆవిరి రావాలి. రాకపోతే వెనక్కి పంపండి, తప్పేం లేదు. వేపుడు బాగా నల్లబడి, తిన్నాక గొంతు గరగరలాడితే అది పలుమార్లు కాగిన నూనె. ఇక వేపుళ్లు ఆపి పులుసులకి మళ్లండి.

6. చేప, రొయ్య: చీకటి పడకముందు, చీకటి పడ్డాక

నది ఒడ్డున కూర్చున్నాం కాబట్టి ప్లేట్‌లోది కృష్ణ చేపే అనుకుంటారు. సాధారణంగా కాదు. బొచ్చె, శీలావతి చాలావరకు కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచినవే. అందులో చెడేమీ లేదు, తాజాగా ఉంటే చాలు. కానీ "నదిలో ఇప్పుడే పట్టింది" అని రేటు పెంచితే ఒప్పుకోకండి. పులస అని చెప్తే అసలు నమ్మకండి. పులస వరద నీళ్లకి గోదావరిలోకి ఎదురీదే చేప, దాని కోసం వానాకాలంలో రాజమండ్రి వైపు వెళ్లాల్సిందే.

ఇక ముళ్ల సంగతి. బొచ్చెలో, శీలావతిలో కండ మధ్యన వై ఆకారంలో సన్నటి ముళ్లుంటాయి. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసుకుని తింటాం. ఒడ్డున రంగు బల్బుల వెలుతురులో అవి కనిపించవు. అందుకని ముళ్ల చేపలన్నీ పొద్దు వాలకముందే తినేయండి. చీకటి పడ్డాక కొరమీను, బొమ్మిడాయిలు, రొయ్యలు చెప్పుకోండి. కొరమీనులో ముళ్లు తక్కువ, బొమ్మిడాయికి దాదాపు నడిముల్లే, వేళ్లతో దూసి పక్కన పెట్టేయొచ్చు. పిల్లలకైతే చీకట్లో బోన్‌లెస్సే పెట్టండి, అదీ మీరు చేత్తో నలిపి చూశాక. ఫోన్ ఛార్జింగ్ ఉంచుకోమన్నది ఇందుకే, టార్చ్ వేసుకుని చూడటానికి మొహమాటపడొద్దు.

తాజాదో కాదో ప్లేట్‌లోనే తెలుస్తుంది. మంచి చేప వేలితో నొక్కితే రేకులు రేకులుగా విడుతుంది. పిండిలా మెత్తబడిపోతే బాగా నిలవున్నదే. నవాసారం లాంటి ఘాటు వాసన ముక్కుకి తగిలితే తినొద్దు, మసాలా ఎంత బాగున్నా సరే. రొయ్యని మధ్యకి చీల్చి చూడండి. వీపు పొడుగునా నల్లటి నరం అలాగే ఉంటే సరిగ్గా శుభ్రం చేయలేదని. అది తింటే చచ్చిపోరు గానీ ఇసుక పళ్లకి తగులుతుంది, ఆ వంటగదిలో శుభ్రం ఏపాటిదో కూడా తెలిసిపోతుంది. మేనేజర్‌ని పిలిచి చూపించండి, మార్చి ఇస్తారు.

7. మందు ఉన్న చోట

ఇది తాగమని చెప్పడం కాదు. తాగేవాళ్లూ తాగనివాళ్లూ ఒకే టేబుల్ మీద ఇబ్బంది లేకుండా ఉండాలంటే కొన్ని పద్ధతులున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. ఇంజనీరింగ్ చదివే తమ్ముడికి "ఒక్క బీరే కదా" అని పోయకండి. తాగనన్నవాళ్లని రెండోసారి అడగకండి. పెద్దవాళ్ల ముందు తాగడం మీ ఇంట్లో అలవాటు లేకపోతే ఆ రోజుకి మానేయండి, లేదా పెద్దవాళ్లు లేకుండా ఇంకోసారి రండి. ఒకే హోటల్‌లో మగవాళ్లు ఒక మూల, ఆడవాళ్లు, పిల్లలు ఇంకో మూల కూర్చునే ఏర్పాటు చాలామంది చేస్తారు. నాకది అస్సలు నచ్చదు. కలిసి తిందామని వచ్చి విడిపోయి కూర్చోవడం ఎందుకు?

సీసా అయితే మీ ముందే మూత తీయమనండి. పెగ్గులైతే 30 మిల్లీలీటర్లా, 60 మిల్లీలీటర్లా అని ఆర్డర్ చెప్పేటప్పుడే స్పష్టంగా అనండి. బిల్లు దగ్గర గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి, మధ్యమధ్య నీళ్లు తాగండి. తెచ్చుకున్న సీసా ఘాట్ మెట్ల మీద కూర్చుని తాగడం మాత్రం చేయకండి. అది బహిరంగ ప్రదేశం, పోలీసులు కేసు పెడతారు. పైగా పొద్దున్నే జనం స్నానాలు చేసే మెట్లవి.

కారు సంగతి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. రెండు పెగ్గులకేం కాదులే అనే లెక్క ఎవరి ఒంటికీ నమ్మకంగా సరిపోదు. డ్రైవర్‌గా ఒప్పుకున్న మనిషి మాట తప్పితే కారు అక్కడే వదిలేసి ఆటోలో రండి. గుంటూరు వెళ్లాల్సినవాళ్లయితే విజయవాడలోనే ఎవరింట్లోనైనా పడుకుని పొద్దున్నే వెళ్లండి.

8. బిల్లు వచ్చాక

టార్చ్ వేసుకుని పూర్తిగా చదవండి. తిండికి సాధారణంగా జీఎస్టీ 5 శాతం, సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు వరసల్లో ఉంటుంది. పెద్ద స్టార్ హోటల్ లోపలి రెస్టారెంట్ అయితే 18 శాతం ఉండొచ్చు. మద్యానికి జీఎస్టీ లేదు. మద్యం మొత్తాన్ని కూడా కలిపి దాని మీద జీఎస్టీ వేస్తే తప్పు, అడగండి. చాలాచోట్ల రెండు బిల్లులు విడివిడిగా ఇస్తారు, అదే మంచి పద్ధతి.

సర్వీస్ ఛార్జి అని ఇంకో వరస కనిపిస్తే అది తప్పనిసరి కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే సమర్థించింది. "ఇది తీసేయండి" అని నెమ్మదిగా చెప్పండి. తీయకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు ఉందో లేదో కూడా చూడండి. తిన్నది తేడా చేసి ఫిర్యాదు చేయాల్సివస్తే ఆ నంబరే ఆధారం.

ఛార్జి తీయించుకున్నారని టిప్పు ఎగ్గొట్టకండి. వంటగది నుంచి ఒడ్డు దాకా మీకోసం పదిసార్లు తిరిగిన కుర్రాడి చేతికే నేరుగా ఇవ్వండి.

9. మిగిలింది ఇంటికి తెచ్చుకునేటప్పుడు

బిర్యానీ, గోంగూర మటన్ పార్సిల్ కట్టించుకోండి. రొయ్యల వేపుడు వద్దు, ఇంటికొచ్చేసరికి మెత్తబడి సాగుతుంది. పులుసైతే ప్లాస్టిక్ కవర్లో వేడిగా పోయనివ్వకండి, గట్టి డబ్బా అడగండి లేదా ఇంటి నుంచి ఒక స్టీలు గిన్నె తీసుకెళ్లండి. టేబుల్ మీదికి వచ్చి రెండు గంటలు దాటిన మాంసం, చేప, పెరుగు వదిలేయండి. ఎండాకాలంలో ఇంకా ముందే వదిలేయాలి. ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలొచ్చేదాకా వేడిచేయండి. పులుసు గిన్నె మూత తీసినప్పుడు నురగ కనిపించినా, పుల్లటి వాసన మారినట్టనిపించినా రుచి చూడకుండానే పారబోయండి.